చెప్పుల స్టాండు పక్క కుర్చీ

మా పక్కింటి టీచరుగారు పోయారు. ఆదివారం మధ్యాహ్నం గుడి నుంచి నా కారులోనే తీసుకొచ్చి ఇంటి ముందు దింపాను. దిగుతూ, "రేపు తొమ్మిదికల్లా బయలుదేరాలి, ఆలస్యం చేయకు" అన్నారు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి సోఫాలో కూర్చున్నారట. వాళ్ళమ్మాయి కాఫీ తెచ్చేసరికి ప్రాణం లేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, ఒక్క పూట కూడా ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయారు.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని వాళ్ళమ్మాయి అడిగింది. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, రాయడం నాకు అలవాటు లేదు. పైగా ఆవిడ గురించి రాయాలంటే ఇంకొందరి గురించి కూడా రాయాలి. వాళ్ళ మీద నాకు బొత్తిగా గౌరవం లేదు. మనుషుల ముందు గట్టిగా అనడం చేతకాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

టీచరుగారు మన దేశంలో ముప్పై ఏళ్ళు సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్పి, రిటైరయ్యాక అమెరికాలో కూతురి దగ్గరికి, ఈ ఇర్వింగ్ ఊరికి వచ్చారు. సిటిజన్ అయిన ఏడాదే మన జిల్లాలాంటి కౌంటీ ఆఫీసువాళ్ళ క్లాసుకు వెళ్ళి, కొత్త ఓటర్ల చేత దరఖాస్తులు నింపించే అనుమతి తెచ్చుకున్నారు. మా గుడికి రెండు కౌంటీల వాళ్ళు వస్తారని రెండోదానికీ వెళ్ళి తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం గుడి వాకిట్లో, చెప్పుల స్టాండు పక్కన మడతకుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేత చీర, కాళ్ళకి తెల్ల స్నీకర్లు, ఒళ్ళో ఒక అట్ట, దాని మీద ఫారాలు. పెన్నులు జనం జేబులో వేసుకుపోతున్నారని ఒక పెన్నును పసుపుతాడుతో కుర్చీ చేతికి కట్టేశారు.

అక్కడే ఎందుకని ఒకసారి అడిగాను. "ఎంత పెద్దవాడైనా ఇక్కడ ఒక్క నిమిషం వంగుతాడే. ఆ నిమిషం నాకు చాలు" అన్నారు.

వంగినవాళ్ళను ఆవిడ అడిగేది ఒకటే, లిస్టులో మీ పేరుందా అని. ఏ పార్టీ అని అడగరు. తన పార్టీ ఏదో చెప్పరు. ఇన్నేళ్ళు పక్కింట్లో ఉన్న నాకే ఇప్పటికీ తెలియదు.

లోపల భోజనాల హాల్లో మాత్రం నవంబరు ఎన్నికలు ఎప్పుడో అయిపోయాయి. ఫలితాలు కూడా వచ్చేశాయి. గాడిద గుర్తు పార్టీవాళ్ళకు కింది సభ హౌస్ ఖాయమని ఒక బల్ల దగ్గర, ఏనుగు గుర్తు పార్టీవాళ్ళు పై సభ సెనేట్ వదలరని ఇంకో బల్ల దగ్గర. ప్రెసిడెంట్ పదవీకాలం మధ్యలో వచ్చే ఈ మిడ్‌టర్మ్స్‌లో ఆయన పార్టీకి దెబ్బ తగలడం మామూలేనని ఒకరు, ఈసారి అది చెల్లదని ఇంకొకరు. ఎవరొస్తే మన వీసాలకు మంచిదని లెక్కలు. తాము ఎన్నడూ కాలు పెట్టని పెన్సిల్వేనియా పల్లెల్లో ముసలివాళ్ళు ఏమనుకుంటున్నారో కూడా వీళ్ళకు తెలుసు. ఏనుగంటే మన వినాయకుడే కదా, ఆ పార్టీని కాదనడం పాపమని ఒకాయన నవ్వుతూ అన్నాడు. రోజూ ఆ స్వామికి దణ్ణం పెట్టుకునేదాన్ని, ఆ పూట నాకు ప్రసాదం గొంతు దిగలేదు. ఆడవాళ్ళం వడ్డిస్తూ ఉంటాం, వాళ్ళు విస్తరి మీంచి చేయి తీయకుండా సీట్లు పంచుతూ ఉంటారు. పెరుగన్నం అయ్యేసరికి రెండు సభలూ నిండిపోతాయి.

వాళ్ళందరికీ గురువులాంటివాడు ఒకాయన ఉన్నాడు. పేరు రాయను. మాకు బాగా తెలిసినవాడే, నన్ను అక్కయ్యా అంటాడు. సర్వేలన్నీ ఆయన ఫోన్‌లో ఉంటాయి. పోయిన వేసవిలో ఒకసారి టీచరుగారు ఆయన పక్కన పళ్ళెం పెట్టుకుని కూర్చున్నారు.

"సెనేట్ సంగతి బాగా చెప్పావు బాబూ. నువ్వు కొత్తగా కొన్న ఇల్లుందే, అక్కడి హౌస్ మెంబరు ఎవరు?"

"అది సేఫ్ సీట్ టీచర్ గారూ. కాంపిటీషనే లేదు. దాన్ని ఎవరూ ట్రాక్ చేయరు."

"కాంపిటీషన్ అడగలేదు నాన్నా. పేరు అడిగాను."

ఆయన ఫోన్ తీశాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. సిగ్గుపడతాడేమోనని చూశాను. అదేమీ లేదు, ఫోన్ తీశాడు కదా అని జార్జియా లెక్కలు కూడా చూపించాడు.

ఆ కొత్త ఇల్లు పక్క కౌంటీలో ఉంది. కౌంటీ మారితే ఓటు దానంతటదే మన వెంట రాదు, మళ్ళీ నమోదు చేసుకోవాలి. మనవాళ్ళు గృహప్రవేశానికి ముందే కరెంటు, ఇంటర్నెట్, పార్సిళ్ళ అడ్రసు అన్నీ మార్పిస్తారు. పాలు పొంగించే ముహూర్తం నిమిషాలతో సహా చూసుకుంటారు. ఓటును మాత్రం పాత అపార్ట్‌మెంటులో వదిలేసి వస్తారు. ఆయనా అంతే. టీచరుగారు అడిగిన ప్రతిసారీ, "మీరే రాసి ఉంచండి టీచర్ గారూ, వచ్చే వారం సంతకం పెట్టేస్తా" అనేవాడు. ఆవిడ నిజంగానే రాసి ఉంచారు. గృహప్రవేశం శుభలేఖ చూసి అడ్రసు ఎక్కించి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టారు. నాలుగు ఆదివారాలు ఆ కాగితం అట్ట మీద అన్నిటికన్నా పైన ఉంది. నాలుగు ఆదివారాలూ ఆయన చెప్పులు విప్పి, నమస్కారం పెట్టి, సీట్లు లెక్కపెట్టడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

నేనేమీ తెలివైనదాన్ని కాదు. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజునే ఓటు వచ్చేసిందనుకుని జెండా పట్టుకుని ఇంటికి వచ్చినదాన్ని. అంతకు ముందు సిటిజన్‌షిప్ పరీక్షకు నన్ను చదివించింది టీచరుగారే. చిక్కుడుకాయలు ఒలుస్తూ మా వంటింట్లో ప్రశ్నలడిగేవారు. సెనేటర్‌కు ఎన్నేళ్ళు, హౌస్ మెంబరుకు ఎన్నేళ్ళు అని. తప్పు చెబితే ఒలిచిన గింజలు నా గిన్నెలోంచి తీసి తన గిన్నెలో వేసుకునేవారు. ఇంగ్లీషులో నోరు పెగలక ఏడిస్తే, "నువ్వు రోజూ లలితా సహస్రనామం తప్పు లేకుండా చదువుతావు. ఇవి వంద ప్రశ్నలే" అన్నారు. మొదటిసారి ఓటేసి బయటికి వచ్చినప్పుడు ఎవరికి వేశావని అడగలేదు.

"చేయి వణికిందా?" అన్నారు.

వణికిందన్నాను.

"వణకాలి" అన్నారు. దారిలో ఇద్దరం కాఫీ తాగి వచ్చాం.

సంతకాలైన ఫారాలను సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేయాలని ఆవిడ పట్టుదల. అయిదు రోజుల గడువున్నా సోమవారం దాటనిచ్చేవారు కాదు. డ్రైవింగ్ నాది. అందుకే ఆ ఆదివారం కూడా ఆవిడ సంచి నా కారు వెనక సీట్లోనే ఉండిపోయింది. నమోదు గడువుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ ఏడుపులో సంచి మాట నాకే గుర్తు లేదు.

బుధవారం ఫ్యూనరల్ హోమ్‌లో ఆవిడను చివరిసారి చూశాం. పట్టుచీర కట్టారు, పెద్ద బొట్టు పెట్టారు. నేను విష్ణు సహస్రనామం చదువుతున్నాను. నా వెనక రెండు వరసల అవతల మగవాళ్ళు మెల్లగా మాట్లాడుకుంటున్నారు. పోయినావిడ గురించేమోనని చెవి అటు వేశాను. అరిజోనా గురించి. అక్కడ ఎన్ని సీట్లు మారితే హౌస్ చేతులు మారుతుందో మన గురువుగారు వేళ్ళ మీద చెబుతున్నాడు. దేవుడు నన్ను క్షమించాలి, నామాల మధ్యలో నా మనసు వాళ్ళను తిట్టుకుంది.

బయటికి వస్తుంటే ఆ గురువుగారి కూతురు నన్ను ఆపింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఈమధ్యే పద్దెనిమిది నిండాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, నేను లాస్ట్ సండే టీచర్ అమ్మమ్మకి ఫామ్ ఇచ్చాను. అది సబ్మిట్ అయిందా? ఇప్పుడు అడగడం రూడ్ అని తెలుసు. బట్ ఇది నా ఫస్ట్ వోట్. అమ్మమ్మ మండే ఇస్తా అన్నది."

ఆ హాల్లో ఉన్న అంతమందిలో టీచరుగారి పని గుర్తున్నది ఆ పిల్ల ఒక్కదానికే. పార్కింగ్‌లోకి వెళ్ళి సంచి తెరిచాను. ఏడు ఫారాలు, రసీదు పుస్తకం. ఆరింటి మీద సంతకాలున్నాయి. సంతకం లేని ఏడోది ఆ పిల్ల తండ్రిది.

ఆయన అప్పుడే స్నేహితులతో కారు దగ్గరికి వచ్చాడు. నేను ఫారం, పెన్ను పట్టుకెళ్ళి అడిగాను. అడగడానికి చాలా ధైర్యం కావలసి వచ్చింది.

"తమ్ముడూ, టీచరుగారు నీ కోసం రాసి ఉంచారు. ఒక్క సంతకం పెట్టు, రేపు నేనే ఇచ్చేస్తాను."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కయ్యా, ఇక్కడా? ఆవిడ బాడీ ఇంకా లోపలే ఉంది. ఈ టైమ్‌లో పాలిటిక్స్ ఎందుకు, బాగోదు."

స్నేహితులు నిజమేనన్నట్టు తల ఊపారు. కూతురు నేల చూసింది. నేను ఫారం తీసుకెళ్ళి మళ్ళీ సంచిలో పెట్టాను.

మర్నాడు ఒక్కదాన్నే రెండు ఆఫీసులకూ డ్రైవ్ చేశాను. మొదటి చోట కౌంటర్ వెనకావిడ నా పక్కన ఖాళీ చూసి, మీ ఫ్రెండ్ ఏరి అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ పోయారని ఇంగ్లీషులో చెప్పాల్సిన ఒక్క వాక్యాన్ని దారంతా అనుకుంటూ వెళ్ళాను, అయినా సగమే చెప్పగలిగాను. ఆవిడ అర్థం చేసుకుంది. రసీదు పుస్తకంలో టీచరుగారి సంతకాలు చూసి ఫారాలు ఒక్కొక్కటే ముద్ర వేసి తీసుకుంది. రెండో ఆఫీసులోనూ తీసుకున్నారు. ఆ పిల్లకు మెసేజ్ పెట్టాను. ఒక దణ్ణం బొమ్మ పంపింది, ఆ తర్వాత ఒక ఏడుపు బొమ్మ.

ఆదివారం ఏడో ఫారం పట్టుకుని గుడికి వెళ్ళాను. గడువు ఇంకొక్క రోజు. మడతకుర్చీ ఎవరూ తీయలేదు, చెప్పుల స్టాండు పక్కన అలాగే ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళ్తే ఆయనే. బూట్ల లేసులు విప్పుకోవడానికి కుర్చీ వీలుగా ఉందని కూర్చున్నాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, "హౌస్ ఈసారి మారుతుంది. రాసిపెట్టుకో" అంటున్నాడు.

నేను ఫారం ముందుకు చాపాను. ఆయన ఒక వేలు ఎత్తి ఒక్క నిమిషం అని సైగ చేసి, రెండో బూటు విప్పి, మేజోళ్ళతో లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన లేచిన ఊపుకు కుర్చీ కదిలింది. పసుపుతాడుకు కట్టిన పెన్ను చాలాసేపు ఊగుతూనే ఉంది.