బేగంపేట దేవిడి దర్శనం

ఆ రోజుల్లో, అంటే సికింద్రాబాద్‌కు వచ్చిన కొత్తలో, తెలుగు నాకొచ్చు కదా, ఈ ఊళ్ళో నాకేం ఇబ్బంది అనుకునేదాన్ని. ఆ ధీమా తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలేస్తుంది. కాకినాడ నుంచి వచ్చి మోండా మార్కెట్ వెనక పిన్ని వాళ్ళింట్లో ఉంటూ, పాత బంగళాలూ ప్యాలెస్‌లూ జనానికి తిప్పి చూపించే ఒక కంపెనీలో చేరాను. కంపెనీ అంటే ఒక గది, రెండు కుర్చీలు, మా టోపీ సార్. (ఎండ ఉన్నా లేకపోయినా ఆయన టోపీ తీయరు. దాని కింద ఏముందో, ఏం లేదో ఎవరికీ తెలియదు.) నెల రోజులు చూసి, పనికొస్తే ఉంచుకుంటామన్నారు. పనికిరాకపోతే వెనక్కి వెళ్ళి నాన్నగారి ఎరువుల కొట్లో కూర్చోవడమే. యూరియా బస్తాల మధ్య బతకడం నాకు చచ్చినా ఇష్టం లేదు.

నెల పూర్తవడానికి మూడు రోజులుందనగా సార్ ఫోన్ చేశారు. ఎక్కడో ట్రాఫిక్‌లో ఉన్నట్టున్నారు, హారన్ల మధ్య మాట సగమే వినిపిస్తోంది. "ఐతారం పొద్దుగాల బేగంపేట దేవిడి పోతున్నం. చూడనీకి పైసలు కట్టిన పన్నెండు మందికి నువ్వే ఫోన్ చేసి చెప్పు. పెద్దమ్మకు జెర కోపమెక్కువ, అందరు పద్ధతిగ రావాలె. గుస్సా అయితే తలుపు తెరువది. మల్ల నీ నౌకరీ సంగతి నాకు తెల్వది."

నాకు వినబడింది 'బేగంపేట దేవుడి'. ఆ తర్వాతి మాట హారన్ మింగేసిందనుకుని, 'గుడి' అని నేనే కలుపుకున్నాను. పెద్దమ్మ అనేసరికి ఇక తిరుగే లేదు, ఇక్కడ పెద్దమ్మ తల్లి అంటే అమ్మవారని పిన్ని మొదటివారమే చెప్పింది. బంగళాలు చూపించేవాళ్ళు గుడికెందుకు వెళ్తారని అనుమానం రావాలా, వద్దా? వచ్చింది. పాతకాలం గుడి అయ్యుంటుందిలే అని దానికి సమాధానం కూడా నేనే చెప్పుకున్నాను. పన్నెండు మందికీ ఫోన్ చేసి, తలంటుకుని రండి, అమ్మవారు బాగా కోపిష్టిది, చెప్పులు గేటు బయటే విప్పాలి అని భయభక్తులతో చెప్పాను. ఒకాయన అడిగితే కొబ్బరికాయ తెచ్చుకోవచ్చని కూడా అన్నాను.

ఆదివారం గేటు దగ్గర టోపీ సార్ చూస్తూ ఉండగానే మావాళ్ళు ఆటోలు దిగారు. పట్టుచీరలు, పంచెలు, కొబ్బరికాయలు. ఒకావిడైతే మల్లెపూలు, పసుపు కుంకుమలు, జాకెట్టు గుడ్డ పళ్ళెంలో సర్దుకుని మరీ వచ్చింది. ఎదురుగా చూస్తే గోపురం లేదు. ఎత్తయిన స్తంభాలు, రంగుటద్దాల కిటికీలు, గడ్డి మొలిచిన ఫౌంటెన్ ఉన్నాయి.

సార్ నా పక్కకొచ్చి మెల్లగా, "ఏందిది?" అన్నారు.

"దేవుడి గుడి అన్నారు కదండీ."

"దేవిడి అన్న. దేవిడి అంటే జాగీర్దారోళ్ళ పెద్ద ఇల్లు. పెద్దమ్మంటే ఇంటి పెద్దమ్మ. ఆరు నెలలు బతిమిలాడితె ఇయ్యాల ఒక్క దినం ఒప్పుకున్నది."

ఆయన గొంతు పెంచలేదు, నాకు అసలు భయం అప్పుడే వేసింది. ఇంతలో తలుపు తెరుచుకుంది. ఎనభై ఏళ్ళావిడ, తెల్లచీర, బోసి నుదురు, చేతికర్ర ఆనించుకుని మెట్ల మీద నిలబడ్డారు. పళ్ళెం పట్టుకున్నావిడ చేయి గాల్లోనే ఆగిపోయింది. భర్త పోయిన మనిషి ముందు కుంకుమ పెట్టడమంటే మా ఇళ్ళల్లో అంతకన్నా పెద్ద తప్పు లేదు. నేనే ముందుకెళ్ళి, తప్పు నాదేనండీ, దేవిడిని దేవుడనుకున్నాను, మిమ్మల్ని అమ్మవారనుకున్నాను అని ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ మమ్మల్ని పట్టుచీరల దగ్గర్నుంచి ఉత్త పాదాల దాకా చూశారు. "అంటే అమ్మవారిని నేనేనా?" అన్నారు. తర్వాత సార్ వైపు తిరిగి, "కోపమెక్కువని సుత నువ్వే చెప్పినవా?" అని అడిగారు.

సార్ టోపీ తీసేశారు. (బట్టతల. నెల రోజుల సందేహం తీరిందిగానీ ఆనందించే స్థితిలో లేను.)

"ఆ పూలు ఇటు తే బిడ్డా. ఆయన పోయినంక నా చేతిల ఎవ్వరు పూలు పెట్టలే." మల్లెలు అందుకున్నారు. పళ్ళెంలో కుంకుమ కాస్త వేలికి అద్దుకుని, దాన్ని కొంచెంసేపు చూసి, నుదుట పెట్టుకున్నారు. నాకు ఏడుపాగలేదు. "ఏడ్వకు. రాండ్రి, గర్భగుడి చూద్దురుగాని," అంటూ కర్ర తాటించుకుంటూ ముందు నడిచారు. అంతకుముందు సార్‌తో వరండా దాకానే అనుమతి అన్న మనిషి, తన పెళ్ళినాటి పల్లకీ ఉన్న గది కూడా తాళం తీసి చూపించారు.

తిరిగి వచ్చేటప్పుడు సార్ ఒక్కటే మాట అన్నారు. "ఫోన్లు ఇంక నేనే చేస్త. రేపటి సంది నువ్వు నాతోని తిరుగు." నా ఉద్యోగం ఖాయమైనట్టు అదే చెప్పడం.

సార్ తర్వాత ఇప్పుడా కంపెనీ నేనే నడుపుతున్నాను. దేవిడి అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో మైకు పట్టుకుని పావుగంట చెప్పగలను. జనం బూట్లతో వస్తారు, శ్రద్ధగా వింటారు, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. అప్పట్లో ఆ మాటకు అర్థమే తెలియని ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతి, ఒక ముసలావిడ ఇంటికి పన్నెండు మందిని చెప్పులు విప్పించి, పూలు పట్టించి తీసుకెళ్ళింది. అన్నీ తెలిశాక ఆ పని మళ్ళీ నాకు చేతకాలేదు.