మళ్లీ మళ్లీ కడిగిన గొర్రె

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడలు మామతో ఎదురుగా మాట్లాడేది కాదు. మా అమ్మ, మా తాత ఒకే వాకిట్లో నాలుగడుగుల దూరంలో ఉన్నా సరే, మధ్యలో నేను ఉండాలి. "మీ తాతను బువ్వకు రమ్మను" అని అమ్మ అనేది. తాతకు ఆ మాట వినపడనే వినపడేది, అయినా నేను చెప్పేదాకా కదలడు. "వస్తున్న అని మీ అమ్మకు చెప్పు" అనేవాడు. నాకు విసుగొచ్చేది. ఒకరి మాట ఒకరికి వినపడుతూనే ఉంటే నడుమ నేనెందుకు అనుకునేదాన్ని.

బంట్వారం దగ్గర చిన్న ఊరు మాది. గొర్రెలు కాసుకునే ఇల్లు. ఆ ఏడు వానాకాలంలో అమ్మ గడ్డిమోపు ఎత్తుకొని వస్తూ, తడిసిన నాపబండ మీద జారి వెల్లకిలా పడింది. తాండూరు తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. ఎముక విరగలేదు, మాత్రలు వాడుతూ మెల్లమెల్లగా నడిపించండి అన్నాడు. మాత్రలు వాడింది. నడవడం మాత్రం ఆమె వల్ల కాలేదు. లేవబోతే నొప్పి, కూర్చుంటే నొప్పి. చివరికి లేవడమే తగ్గించుకుంది. నడిమింట్లో గోడవైపు తిరిగి పడుకునేది. వానలు వెనకపట్టాయి, దసరా కూడా పోయింది, ఆమె మాత్రం ఎండ ముఖం చూడలేదు. నా బడి అక్కడితో ఆగింది. పలక అటక మీదికి పోయింది, పొయ్యి నా చేతికొచ్చింది. దాని కోసం నేను ఏడ్చింది లేదు. ఇంట్లో పని ఉన్నప్పుడు ఎవరో ఒకరు చెయ్యాలి.

నన్ను భయపెట్టింది వేరే సంగతి. ఒకరోజు పొద్దున అమ్మ నన్ను పిలిచి, "మీ తాతకు చెప్పు. నన్ను తల్లిగారింట్ల దించి రమ్మను. పని చెయ్యని మనిషికి ఈడ బువ్వ దండుగ" అంది. కోపంతో అనలేదు. చింతపండు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. అదే నాకు గుబులైంది. మా వాడకట్టులో అట్లా జబ్బుతో తల్లిగారింటికి పోయిన ఒకామె మళ్లీ రాలేదు. ఆమె పిల్లలు పండుగకు పోయి తల్లిని చూసి వచ్చేవాళ్లు. మా నాన్న పెద్ద మందను తోలుకొని కన్నడం మాట్లాడే ఊళ్ల వైపు పోయి ఉన్నాడు. ఆయన వచ్చేసరికి చలికాలం సగమవుతుంది. అమ్మకు ఎదురుగా అడ్డు చెప్పేవాళ్లు ఇంట్లో లేరు.

తాత వాకిట్లో గొంగడి దులుపుతున్నాడు. అంతా విన్నాడు. నేను పోయి చెప్పాక గొంగడి మడిచి భుజాన వేసుకున్నాడు. తర్వాత లోపలికి వినపడేట్టు నాతోనే అన్నాడు. "పోతె పొమ్మను, నేనెందుకు వద్దంట. కాని గొర్ల బొచ్చు కొయ్యాలె. కొయ్యకముందు కడగాలె. మీ నాయిన లేకపాయె, నా కాళ్లు సల్లనీళ్లల్ల నిలవయి. కూలికి మనిషిని పెడితే పైసలు. మీ అమ్మ నీళ్లల్ల ఉత్తగ నిలబడి, ఈదుకుంట వచ్చిన గొర్రెను ఒడ్డుకు మళ్లిస్తె సాలు. బొచ్చు కోసుడు అయినంక నేనే దించొస్త."

కూలి మాట అమ్మకు తగిలింది. అనవసరంగా పైసా పోతుందంటే ఆమెకు నిద్ర పట్టదు. ఆ గుణం నాకూ వచ్చింది, దానికి నాకు సిగ్గు లేదు. లోపల్నుంచి జవాబొచ్చింది. "ఎన్నడంట, అడుగు."

వాగు మా ఇంటి వెనకే. అయినా ఆ రోజు అమ్మ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకొని, మధ్యమధ్య కూలబడుతూ పోయింది. వాగులో ఒకచోట నీళ్లు నిలిచి చిన్న మడుగులా ఉంటాయి. అడుగంతా ఇసుక. తాత అప్పటికే అటూ ఇటూ గుంజలు పాతి, మడుగుకు అడ్డంగా మోకు కట్టి ఉంచాడు. గొర్రెలు పక్కకు పోకుండా అన్నాడు. అమ్మ ఆ మోకు పట్టుకొని నడుం లోతుకు దిగింది.

గొర్రె తనంతట తాను నీళ్లలో దిగదు. తాత అవతలి ఒడ్డు నుంచి ఒక్కొక్కదాన్ని లోపలికి తోసేవాడు. అది బెదురుతూ ఈదుకొచ్చేది. అమ్మ దాని వీపు రుద్ది, మెడ పట్టి నా వైపు మళ్లించేది. మొదట ఆమె ముఖం ముడుచుకొనే ఉంది. కొంతసేపటికి మోకు వదిలి రెండు చేతులతో గొర్రెను పట్టుకుంది. దాని వెంట నాలుగడుగులు వేసింది. నేలమీద నడవలేని మనిషి నీళ్లలో నడుస్తోంది. ఒంటి బరువు నీళ్లు మోస్తుంటే నడుముకు ఆ పని తప్పిందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు నోరు తెరుచుకొని చూశాను, అంతే. వీపుకు ఎండ తగులుతోంది. ఒడ్డున తుంగలో పిట్టలు గోల చేస్తున్నాయి. సన్న చేపలు కాళ్లు పొడిస్తే అమ్మ ఉలిక్కిపడి, "వీటి పాడుగాను, నన్నే దొరకవట్టినయి" అని నవ్వింది. ఆ నవ్వు ఎట్లా ఉంటుందో నేను మరిచిపోయి ఉన్నాను.

నొప్పి పోయిందని చెప్పను. ఒడ్డెక్కగానే మళ్లీ వచ్చింది, కర్ర పట్టుకొనే ఇల్లు చేరింది. కాని ఆ పూట గోడవైపు తిరగలేదు. తలుపు వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఇంకా కొన్ని గొర్రెలు మిగిలాయన్నాడు తాత. ఆ తర్వాత గొర్రెపిల్లలన్నాడు. నాన్న వదిలిపోయినవే ఈనిన గొర్రెలు, ముసలివి, కుంటివి. అవెంతకని వస్తాయి? ఒకదానికి బురద అంటిందన్నాడు, ఇంకోదానికి గోమార్లు పట్టాయన్నాడు. చివరికి బొచ్చు కోయడం కూడా అయిపోయింది. కడగడం ఆగలేదు. అమ్మ రోజూ దిగుతోంది. దారిలో కూలబడటం పోయింది. కర్రను ఊతానికి కాక, కుక్కలను అదిలించడానికే ఎక్కువ వాడుతోంది.

ఒకనాడు తాత తోలుకొచ్చిన గొర్రెను చూసి నేను ఉండబట్టలేకపోయాను. నుదుట తెల్లమచ్చ ఉన్న ముసలి గొర్రె అది. బొచ్చంతా కోసేస్తే సొరకాయలా నున్నగా ఉంది.

"తాతా, దీన్ని నిన్న గూడ కడిగినం, మొన్న గూడ కడిగినం. బొచ్చే లేకపాయె, ఏం కడుగుతం" అన్నాను.

తాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నీకేమెరుక, దానికి జర వాసనొస్తది" అని గొణిగాడు. అప్పుడు గాని నాకు తట్టలేదు. గొర్రెల పని అయిపోయిందని నా నోటితో నేనే చెప్పేశాను. పని అయిపోతే తల్లిగారింటికి అనే కదా మాట.

అమ్మ నీళ్లలోనే నిలబడి కొంగు నెత్తిమీదికి లాక్కుంది. నా వైపు చూడలేదు. నన్ను నడుమ పెట్టకుండా, ఆ ఇంటికి కోడలై వచ్చాక మొదటిసారి, నేరుగా తాతతో అంది. "రేపు ఏ గొర్రెను తెస్తరు మామా? దీని తోలు నానిపోతున్నది. జర ఇంకోదాన్ని సూడుండ్రి."

తాత నవ్వలేదు. నవ్వితే ఆమెకు చిన్నతనంగా ఉంటుందని ఆయనకు తెలుసు. గొర్రె చెవి నిమురుతూ, దానితో చెబుతున్నట్టు, "కుంటిది ఉన్నది బిడ్డా" అన్నాడు.

తల్లిగారింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వస్తూ అమ్మను అడిగాను, తాత నాటకం ఎప్పుడు తెలిసిందని. "మొదటి దినమే. గొర్ల కోసం మోకు ఎవరన్న కడ్తరా, పిచ్చిదానా" అంది. మరి తెలిసీ ఎందుకు ఊరుకున్నావంటే, "మామ ఒడ్డు మీద నిలబడితే కోడలు ఉత్తగ పోయి నీళ్లల్ల కూసుంటదా? ఊరోళ్లు ఏమంటరు?" అంది. ఆయన అబద్ధాన్ని ఆమె, ఆమె మర్యాదను ఆయన కాపాడుకుంటూ వచ్చారన్నమాట. ఆ ఎండాకాలానికి అమ్మ మళ్లీ గడ్డికి పోయింది. చిన్న మోపులే. వంగినప్పుడు నడుం పట్టేది, అది చివరిదాకా ఉంది. కాని వాగులో నీళ్లున్నన్నాళ్లు ఆమె దాన్ని లెక్కచేయలేదు.

ఇప్పుడు వికారాబాదు పక్కన ఉంటున్నాం. నాకు మోకాళ్ల నొప్పులు. మాత్రలు వేళకు వేసుకుంటాను. డబ్బులు పెట్టి కొన్నవి, ఒక్కటీ పారెయ్యను. పొద్దున మాత్రం చెరువు మెట్ల దగ్గర మోకాలి పైదాకా దిగి, నీళ్లలో అటూ ఇటూ నడుస్తాను. ఎక్కడికని ఎవరైనా అడిగితే బట్టలు పిండడానికనో, పువ్వులు కోయడానికనో చెప్పను. "నొప్పికి పోతున్న" అంటాను. తాత చేసిన మేలు గొప్పదే. కాని నొప్పి ఉన్న మనిషికి కాసేపు సుఖం దొరకడానికి ఒకరు అబద్ధమాడాల్సి వచ్చింది, ఇంకొకరు నమ్మినట్టుండాల్సి వచ్చింది. ఆ తిప్పలు నా ఇంట్లో ఉండొద్దని అప్పుడే అనుకున్నాను.

ఈమధ్య మా కోడలు కూడా నా వెనకే వచ్చింది. ఆఫీసులో పొద్దంతా కుర్చీలో కూర్చునే పని ఆమెది. చెయ్యి నడుం మీద పెట్టుకొనే నడుస్తుంది.

"నీకు తోడుగ వచ్చిన అత్తా" అంది.

"నాకు తోడెందుకు? ఎందుకొచ్చినవో అది చెప్పు" అన్నాను.

కాసేపు మెట్టు మీద నిలబడి కాలి వేళ్ల వైపు చూసుకుంది. "నడుం నొస్తున్నదత్తా" అంది.

అప్పుడు పక్కకు జరిగి చోటిచ్చాను.