బయటి గొళ్లెం

వడ్రంగి మామయ్యది దురుసు నోరు. చెక్కతో ఎంత ఓపికో మనుషులతో అంత కోపం. ఆ రోజు అక్క పిలిచిందని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళితే, మేనల్లుడి గది తలుపుకు బయటి వైపు గొళ్లెం బిగించమంది.

"దొంగలు లోపల్నుంచి వస్తున్నారా ఏంటక్కా?" అన్నాడు వేళాకోళంగా.

ఆవిడ నవ్వలేదు. పక్కనే ఉన్న బావగారు గోడకేసి చూస్తూ చెప్పాడు. "వాడికి ఇంకో మగపిల్లాడి మీద ప్రేమట. గడప దాటనివ్వను."

మగవాడికి మగవాడి మీద ప్రేమేమిటో, నిజం చెప్పాలంటే, మామయ్య బుర్రకెక్కలేదు. కానీ తలుపు వెనక నుంచి "మామయ్యా, బిగించకు" అని వినిపించేసరికి బిగించబోతున్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొళ్లెం సంచీలో పడేసి, కుర్రాణ్ణి తన ఇంటికి తీసుకుపోయాడు.

అక్కడ వాణ్ణెవరూ ఉద్ధరించబోలేదు. మామయ్య తిడుతూనే చెక్క నునుపు చేయడం నేర్పాడు. అత్త కంచం ఖాళీ అయ్యేదాకా కదలనిచ్చేది కాదు. వాడు ప్రేమించిన కుర్రాడు చూడ్డానికి వస్తే, "నువ్వూ మావాడిలాగే చిక్కిపోయావేం నాయనా?" అని అతనికీ వడ్డించింది. మొదట్లో నిద్రలో ఉలిక్కిపడి లేచే మేనల్లుడు కాస్తా, ఎండెక్కేదాకా పడుకోసాగాడు. మామయ్య గురకను ఎగతాళి చేసేటంత తేరుకున్నాడు.

అప్పుడే అక్క వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. "మీ బావ మెత్తబడ్డారు తమ్ముడూ. నా బిడ్డని నాకు పంపించు."

వాడు మొండికేయలేదు. "నువ్వు వెళ్లమంటే వెళ్తాను మామయ్యా" అన్నాడంతే. కన్నతల్లి కదా అని వెళ్లమన్నాడు. ఆ ఒక్క మాట ఆయన్ని ఇప్పటికీ తినేస్తోంది.

కొన్నాళ్లకు బావగారి ఫోను. "పనిముట్లు తీసుకుని తొందరగా రా. లోపల గడియ పెట్టుకున్నాడు. పిలిస్తే పలకట్లేదు."

వెళ్లేసరికి తలుపుకు బయట కొత్త గొళ్లెం. ఎవడో చేతకానివాడు వంకరగా బిగించాడు. మామయ్య తలుపు బద్దలు కొట్టాడు. వాడికి ఊపిరి ఉంది, అంతే.

ఆసుపత్రిలో కళ్లు తెరిచి వాడు అడిగిన మొదటి మాట, "మళ్లీ అక్కడికేనా?" అని. అక్క వాడి కాళ్ల దగ్గర తల వంచుకుని కూర్చుంది. మామయ్య దురుసుతనమంతా ఎటు పోయిందో, నలుగురూ చూస్తుండగానే భోరుమన్నాడు.

వరండాలో బావగారు ఆయన్ని ఆపి గొంతు తగ్గించి అడిగాడు. "ఆ తలుపెప్పుడు బాగుచేస్తావయ్యా? వచ్చేపోయేవాళ్లు చూసి అడుగుతున్నారు."

"ఆ గదిలో ఇక ఎవరుంటారు బావా?"