ఉరికేది భయం కాదా?

మా ఫార్మసీ కాలేజీల ఎలుకల గది చూసుకునే ఆయమ్మ చనిపోయింది. మొన్న ములకలపల్లి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పిండు. పొద్దున దవడ గుంజుతుందని, ఆయాసమని దవాఖానాకు నడుచుకుంటనే పోయిందట. "ఛాతీ పట్టుకొని పడిపోలేదు గదా, ఇది గ్యాసే" అని గోలీలిచ్చి పంపిన్రట. సాయంత్రానికి గుండె ఆగింది. నడిచొచ్చిన ఆడమనిషికి గుండెనొప్పి ఉండదని ఎవడు చెప్పిండు వీళ్లకు? నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఇంకా తగ్గలేదు.

ఖమ్మంల నేను ఎం.ఫార్మసీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు ఎలుకల భయం మీద. ఎలుకను పట్టుకునుడు నాకు నేర్పింది ఆయమ్మనే. పంజరం తెరిచే ముందు "వస్తన్న తల్లీ" అని చెప్పేది. చెప్పకుండ నేను చెయ్యి పెడితే తిట్టేది: "నీ ఇంట్ల ఎవలన్న గట్ల జొరబడితే ఊకుంటవా?"

ప్రయోగం పెట్టెల బెల్లు మోగుతది, ఎలుక కాళ్లకు చిన్నగ కరెంటు తగులుతది. నాలుగైదు సార్లయినంక, ఒట్టి బెల్లుకే ఎలుక ఎంతసేపు బిగుసుకుపోతదో స్టాప్‌వాచ్ పట్టి రాయాలె. మగవి రాళ్లలెక్క బిగుసుకునేవి. ఆడవి చాలామట్టుకు ఈ మూలకెల్లి ఆ మూలకు ఉరికేవి. బిగుసుకుంటేనే భయమని లెక్క, కదిలితే సున్నా. "ఆడవాటికి భయం లేదు" అని పైకి అనుకుంటనే రాసుకున్న.

పంజరాలల్ల పరిచిన ఊక మారుస్తున్న ఆయమ్మ ఆగింది. "గదేంది బిడ్డా, ఉరికేది భయం కాదా? మా నాయిన పొలంల ఎలుకలు పట్టేటోడు. పొగ పెడితే మగది బొక్కల్నే నక్కేది. ఆడది ఇంకో బొక్కకెల్లి తప్పించుకునేది. భయం లేకుంటే ఎందుకు ఉరుకుతది?"

ఇన్నేండ్లు పుస్తకాలు చదివిన నాకు తట్టలే ఆ మాట. పోయి మా గైడ్ సార్‌కు చెప్పిన. ఆయన నవ్విండు. "ఊడ్చేటామె చెప్తే సైన్స్ మారుస్తమా? ఆడవాటితోని ఎప్పుడూ తలనొప్పే. తీసెయ్, మగవి చాలు."

వాటికి కూడ కరెంటు పెట్టినం గదా! పెట్టి, అవి చెప్పింది మాత్రం తీసెయ్యాలట. ఎంత పొగరు! ఆయన మీద కోపముంది, దవాఖానావాళ్ల మీద కోపముంది. అంతకంటే ఎక్కువ నా మీదనే ఉంది.

ఆడవాటి పేజీల మీద స్కేలు పెట్టి ఎర్ర గీతలు కొట్టింది నేనే. ఆయమ్మ పక్కనే నిలబడ్డది. తిడుతదేమో అని చూసిన. తిట్టలే. "కొట్టెయ్ బిడ్డా, నీ డిగ్రీ ఆగొద్దు" అన్నది. కాయితం జరగకుండ అరచేత్తో ఒత్తిపట్టింది. ఊక అంటిన ఆ చెయ్యి పక్కనుంచే నేను గీతలు కొట్టుకుంట పోయిన.