పరకాలత్త సాక్ష్యం

ఆ రోజుల్లో నన్ను ఎవరన్న "నీకేం ఇష్టం" అని అడిగితే చాలు, అడిగినోళ్లు లేచిపోయేదాక సినిమాల గురించి చెప్తనే ఉండేదాన్ని. హీరో రాంగనే ఈలలు వేసే సినిమాలంటే నాకు చిన్నచూపు (నాకు ఈల వెయ్యరాదు, అది వేరే సంగతి). ఎవ్వరికి తెలువని పిల్లలు, కెమెరా అడుక్కొచ్చుకొని, వాళ్ల ఊర్లనే వాళ్ల చుట్టాలతోని తీసుకున్న చిన్న సినిమాలు కావాలె నాకు. వాటికంటె ఎక్కువ దయ్యం సినిమాలు కావాలె. ఇట్లాంటియన్ని ఒక్కకాడ చేర్చి రెండు మూడు రోజులు వరుసబెట్టి చూపిస్తరని, దాన్ని ఫిలిం ఫెస్టివల్ అంటరని తెలిసినంక నా పానం నిలువలే. అప్పుడే హన్మకొండల ఒక కండ్లద్దాల షాపుల నౌకరికి చేరిన. వచ్చినోళ్లతోని గోడ మీది అక్షరాలు చదివించుడు, ఖాళీ దొరికితే ఫోన్‌ల ఏ ఊర్ల ఏ ఫెస్టివల్ ఉన్నదో చూసుడు, ఇదే పని. ఆ ధ్యాసల ఒక పెద్దమనిషికి దూరం అద్దాల బదులు దగ్గరి అద్దాలు పెట్టి పంపిన. ఆయన మంచోడు, తప్పు తన కండ్లదే అనుకొని రెండు రోజులు ఓర్చుకున్నంక వచ్చిండు.

అట్ల వెతుకంగ వెతుకంగ హైదరాబాద్‌ల నాలుగు రోజుల పెద్ద ఫెస్టివల్‌కు వాలంటీర్లు కావాలంటే అప్లికేషన్ పెట్టిన. తీసుకున్నరు. మెడల కార్డు వేసుకొని కావలసినన్ని సినిమాలు చూడొచ్చు, రాత్రికి దోస్తు హాస్టల్ల పండుకోవచ్చు. ఇంట్ల చెప్తే అమ్మ కూర కలుపుడు ఆపకుంటనే వద్దన్నది. మా అమ్మ చర్చిల స్త్రీల కూటానికి పెద్ద. సినిమా అంటేనే సగం పాపం, ఆడపిల్ల దానికోసం ఒక్కతె ఊరు దాటుడు మిగిలిన సగం అని ఆమె నమ్మకం. నాయిన దిక్కు చూస్తే ఆయన పేపర్ల మొఖం దాసుకున్నడు. అప్పుడు నా నోట్లెకెళ్లి అబద్ధం ఊడిపడ్డది. అవి అట్లాంటి సినిమాలు గావమ్మా, అన్ని సందేశం ఉన్నయి, ఇంటిల్లిపాది చూసేటియి అని చెప్పిన. దయ్యాల సంగతి మింగిన.

రెండు రోజులు అన్నం కాడ అలిగినంక అమ్మ ఒక దారి చూపించింది. వచ్చే శనివారం మన హన్మకొండలనే అట్లాంటిదొకటి ఉన్నదంటివి గదా, పరకాల వదినను తోలుకపో. వదిన చూసి మంచిదంటే హైదరాబాద్ పో. మంచిది కాదంటే ఇగ ఈ ఇంట్ల సినిమా మాట ఎత్తొద్దు. పరకాలత్త అంటే మా నాయినకు పెద్దక్క. ముప్పై ఏండ్లు సర్కారు దవాఖానల నర్సు చేసి రిటైరయింది. సూది వేసేటప్పుడు ఎట్ల చెప్పేదో ఇంట్ల గూడ అట్లనే చెప్తది, ఒక్కటే మాట, మళ్ల అడిగేది లేదు. మా ఇంట్ల పెండ్లిళ్లయినా ప్లాట్లయినా ఆమె "సరే" అంటేనే ముందుకు నడుస్తయి. అబద్ధం మాత్రం ఆమెకు అస్సలు పడది.

అయినా నేను తక్కువదాన్నా? ప్రోగ్రాం కాయితం ముందట పెట్టుకొని బాగ లెక్క చూసిన. శనివారం రెండు గంటలకు ఒక చేనేత తాత మీద సినిమా ఉన్నది. నాలుగు గంటలకు దయ్యం సినిమా. అత్తకు తాతను చూపించి, మూడున్నరకల్లా చాయ్ తాగిపిచ్చి ఆటో ఎక్కియ్యాలె. ఇంత తెలివి చదువుల పెడితే ఏ బ్యాంకులనో కూసుందును.

హాలు చిన్నది, ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీలకు నల్లగుడ్డలు. అత్త తెల్లచీర కట్టుకొని, ఒళ్లె సంచి పెట్టుకొని ముందు వరుసల కూసున్నది (వెనుక కూసుందామంటే వినలే, ప్రార్థనకు పోయినా ముందే కూసుంటది). రెండు దాటింది, తెర మీద ఏం పడుతలేదు. ఇంతల ఒక పిలగాడు స్టేజి మీదికొచ్చి, చేనేత తాత సినిమా ఫైలు ఓపెన్ అయితలేదు, సారీ, అందుకని నాలుగు గంటల సినిమా ఇప్పుడే వేస్తున్నమని చల్లగ చెప్పిండు. అత్తా, నాకు కడుపుల నొస్తాంది, ఇంటికి పోదామా అన్న. అత్త నా చెయ్యి పట్టుకొని నాడి చూసి, ఏం లే, కూసో అన్నది.

సినిమా మొదలైంది. ఒక ఊర్ల బాలింతకు దయ్యం పడుతది. జుట్టు ఇరబోసుకొని, పసిబిడ్డను దగ్గరికి రానియ్యకుంట, మూలకు కూసొని గోడతోని మాట్లాడుతది. ఇంటోళ్లు వేపమండలు తెస్తరు. ఇంతవరకే నేను చూసింది. ఆ తర్వాత వచ్చిన అరుపులు, డప్పులు, ఎవరో నేల మీద ఈడ్చుకుంట పోయిన చప్పుడు, అన్ని చెవులతోనే విన్న. గట్టిగ కండ్లు మూసుకొని అత్త చెయ్యి దొరికిచ్చుకొని పట్టుకున్న. అత్తకు భయమైతాందా, కోపమొస్తాందా, ప్రార్థన చేస్తాందా నాకేం తెలుస్తది? లైట్లు వెలిగినంక గని కండ్లు తెరువలే. చప్పట్లు కొట్టుడు మొదలైతే నేను గూడ కొట్టిన, మంచిగ చూసినట్టు.

తప్పించుకుందామనుకునేలోపట డైరెక్టర్ స్టేజి మీదికొచ్చిండు. నెక్కొండ దిక్కు పిలగాడు, సన్నగ ఉన్నడు, మొదటి సినిమా. మీకు ఏమనిపించిందో నాలుగు మాటలు పంచుకోండని మైకు కిందికి ఇచ్చిండ్రు. అది చేతులు మారుకుంట మా వరుసకు వచ్చింది. చర్చిల ఆదివారం మైకు ఇట్లనే చేతులు మారుతది, దొరికినోళ్లు లేచి సాక్ష్యం చెప్తరు, దేవుని ముందట దాసేది ఉండదు. అత్తకు ఆ అలవాటు నలబై ఏండ్లది. మైకు చేతిల పడంగనే కొంగు తల మీదికి కప్పుకొని లేచి నిలబడ్డది. నాకు అప్పుడు అసలైన భయం తెలిసింది.

"అందరికి ప్రభువు నామంల వందనాలు," అన్నది. వెనుకకెళ్లి ఎవరో అలవాటు మీద వందనాలు అని జవాబిచ్చిండ్రు. "ఈమె మా తమ్ముని బిడ్డ. సందేశం సినిమా అని చెప్పి నన్ను తోలుకొచ్చింది. ఇది దయ్యం సినిమా. పిల్ల ఇంట్ల అబద్ధం చెప్పింది. దేవుడు క్షమించాలె."

హాలు హాలంత నవ్విండ్రు. నేను కుర్చీల ఎంత కిందికి జారొచ్చో అంత జారిన. హైదరాబాద్ పోయింది, మెడల కార్డు పోయింది అనుకున్న. గని అత్త మైకు ఇయ్యలే.

"బాబూ, ఆ పిల్లకు దయ్యం పట్టలే. కాన్పయినంక కొందరికి మనసు చెదురుతది. నిద్ర ఉండది, ఏడుస్తరు, బిడ్డను ముట్టరు. నా డ్యూటీల ఎంతమందినో చూసిన. కొట్టి కొట్టి, ఇగ చాతగాదన్నంక మా దగ్గరికి తెచ్చేటోళ్లు. నీ సినిమాల అంతమంది జనం ఉన్నరు. దవాఖానకు తోలుకపోదాం అని ఒక్కరన్న అన్నరా?"

నవ్వులు ఆగిపోయినయి. డైరెక్టర్ పిలగాడు తన దగ్గరున్న ఇంకో మైకును రెండు చేతులతోని పట్టుకున్నడు.

"అనలేదమ్మా," అన్నడు. "మా పెద్దమ్మ కథ ఇది. మా ఇంట్ల గూడ ఎవ్వరు అనలేదు."

అత్త అతన్ని చూసుకుంట, నువ్వన్న ఇప్పుడు నలుగురి ముందట చెప్పినవు గదా బిడ్డా, మంచిపని చేసినవ్ అన్నది. దేవునికే మహిమ అని ముగించి కూసున్నది. ఇందాక వందనాలు అన్న ఆయన వెనుకకెళ్లి ఆమెన్ అన్నడు. ఈసారి ఎవ్వరు నవ్వలే. బయటికొచ్చినంక ఆ పిలగాడు చాయ్ తెచ్చిచ్చి, అత్త కాళ్లకాడ మెట్టు మీద కూసొని చాలాసేపు మాట్లాడిండు. నేను పక్కన నిలబడి, అత్త ఇంటికి పోయి అమ్మకు ఏం చెప్తదో అని గోర్లు కొరుక్కున్న.

ఆటోల ఇంటికొచ్చినం. అమ్మ గేటుకాడనే నిలబడ్డది. అత్త లోపలికొచ్చి, చెప్పులు ఇడిసి, గ్లాసెడు నీళ్లు నిమ్మళంగ తాగింది. ఎట్లున్నయి వదినా అని అమ్మ అడిగింది.

"పిల్ల అబద్ధం చెప్పింది. దయ్యం సినిమాలే," అన్నది అత్త. అమ్మ నా దిక్కు తిరిగింది. నేను నేల దిక్కు చూసిన. "దానికి రెండు తిట్లు తిట్టు. తిట్టి, హైదరాబాద్ పంపు."

"దయ్యాలను చూసుకుంట పిల్ల ఖరాబైతది వదినా."

"చూస్తే గదా ఖరాబయ్యేది?" అని అత్త మణికట్టు చాపి చూపించింది. నా గోర్లు దిగిన నాలుగు గాట్లు ఎర్రగ ఉన్నయి. "వేపమండలు తెచ్చిన కాడికెళ్లి ఆఖరుదాక కండ్లు మూసుకొనే కూసున్నది. సినిమా చూసింది నేను. సందేశం గూడ ఉన్నది అందుల."

పేపర్ ఎనుకకెళ్లి నాయిన నవ్వు పుటుక్కున బయటపడ్డది. అమ్మ చాలాసేపు ఆపుకున్నది గని ఆఖరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నాకు సిగ్గుతోని చచ్చిపోదామనిపించింది. అదే నిమిషంల పానం లేచొచ్చింది గూడ. పది రోజుల సంది ఛాతి మీద కూసున్న అబద్ధం దిగిపోయింది, పైనుంచి హైదరాబాద్ దొరికింది. తిట్లు రెండు గావు, ఇరవై పడ్డయి. అన్నింటికి తల ఊపిన.

మరుసటి నెల కాజీపేట స్టేషన్ల అమ్మనే రైలెక్కిచ్చింది. మొదటి రోజు నా గొప్ప చెప్పతరం కాదు. మెడల కార్డు, చేతిల టార్చిలైటు, వచ్చినోళ్లకు సీట్లు చూపిచ్చుడు, మధ్య మధ్య సినిమాల మీద నా అభిప్రాయాలు చెప్పుడు (ఎవ్వరు అడుగలే). రెండో రోజు పగటియాళ ఒక దయ్యం సినిమా పడ్డది. తలుపుకాడ డ్యూటీ నాదే. కండ్లు మూసుకుంటే టార్చి ఎవరికి కొట్టాలె? పది నిమిషాలు చూసి, బయట మెట్ల మీదికొచ్చి అమ్మకు ఫోన్ చేసిన. ఏమైందే అన్నది. ఏం లే, ఊకనే చేసిన అన్న. అమ్మ ఇంకొక్క ముక్క అడుగలే. బీరకాయలు చేదు తగిలినయని, చర్చిల నాయిన చెప్పులు మారిపోతే ఎవరియో చిన్నయి వేసుకొని కుంటుకుంట వచ్చిండని, ఒకటెనుక ఒకటి చెప్పుకుంట పోయింది. లోపలి అరుపులు తలుపు సందులకెళ్లి వస్తనే ఉన్నయి. అవి ఆగినంక అమ్మ గూడ ఆగింది.

"అయిపోయినట్టున్నది. ఇగ లోపలికి పో," అన్నది.

ఇప్పుడు ఏ ఊర్ల ఫెస్టివల్ ఉన్నా ఒక్కదాన్నే పోత, ఎంత పెద్ద దయ్యమైనా కండ్లు తెరిచే చూస్త. గని ఒక్కదాన్నే పోతనని ఇల్లు నెత్తికెత్తుకొని కొట్లాడి, రెండో రోజే మెట్ల మీద కూసొని బీరకాయల ముచ్చట విన్న ఆ పిల్ల యాదికొస్తే నవ్వొస్తది. ఆ ఫోన్ పెట్టినంక ఎంత నిమ్మళంగ ఊపిరి తీసుకున్నదో పాపం.