అలలు లేని దారి

నంద్యాలలో నా ఉద్యోగం విత్తనాలను నమ్మకపోవడం. సంచి మీద అచ్చువేసిన మొలక శాతాన్ని పక్కన పెట్టి, తడి కాగితం మీద గింజలు పేర్చి, మొలిచినవాటినీ మొలవనివాటినీ వేరుచేసి చూస్తాను. మా బావకు ఆళ్లగడ్డలో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. అమ్మేది ఆయన, అనుమానించేది నేను. అందుకే మా ఇద్దరి మాటల్లో ఎప్పుడూ కొంచెం కారం ఎక్కువ.

ఆ ఏడు అమ్మకాలు బాగా చేశాడని ఒక విత్తనాల కంపెనీ బావకు బహుమతి ఇచ్చింది. థాయిలాండులో ఒక దీవి, సముద్రం ఒడ్డున రిసార్టు, భార్యాభర్తల ఖర్చంతా కంపెనీదే. నా టిక్కెట్టు నేను కొనుక్కున్నాను. అక్క కోరిక అది.

"నువ్వొస్తేనే నేను పోతా. ఆయప్ప అందరినీ నమ్ముతాడు, నువ్వు ఎవురినీ నమ్మవు. మీ ఇద్దురి మధ్య ఉంటే నేను క్షేమంగా ఇంటికొస్తా" అంది.

అక్కకు ఆ ప్రయాణం నుంచి కావలసింది ఒక్కటే. యాభై దాటినా ఆమె సముద్రం చూడలేదు. చర్చిలో ఆదివారం పిల్లలకు, సముద్రం రెండు పాయలై దేవుడి జనానికి దారి ఇచ్చిన బైబిలు కథను మాత్రం ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఒకసారి ఒక పిల్ల లేచి "టీచరమ్మా, అల అంటే ఎట్లుంటాది?" అని అడిగితే, అవుకు రిజర్వాయరులో గాలికి లేచే నీళ్లను తలచుకొని ఏదో చెప్పి తప్పించుకుందట. అప్పటి నుంచి ఆమె మనసులో ఆ ముల్లు ఉండిపోయింది. ఒక్కసారి సముద్రంలో నడుము లోతున నిలబడాలి, అంతే. ఆమెకు ఈత రాదు. నా భయమంతా అక్కడే.

మొదట నాకు ప్రయాణానికి పెట్టిన నెల మీద అనుమానం వచ్చింది. ఇప్పుడే ఎందుకు పంపుతున్నారని బావను అడిగాను. "ఖరీఫ్ అమ్మకాలు అయిపోయినాక గదా మాకు తీరిక" అన్నాడు. అది ఆయనకు కారణం కావచ్చు, కంపెనీకి కాదు. వెతికి చూస్తే, ఆ తీరంలో అవి వానలు కురిసే నెలలు, సముద్రం ఎగసిపడే కాలం. గదుల ధర తగ్గేది అందుకే. తర్వాత ప్రయాణపు ఇన్సూరెన్సు కాగితం చదివాను. నీళ్లలో జరిగే ఆటలకు ఇది వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. మమ్మల్ని సముద్రానికి పంపుతూ నీళ్లను మినహాయించారన్న మాట. మేము బయలుదేరే ముందు ఆదివారం చర్చిలో మా క్షేమం కోసం ప్రార్థన చేశారు. దానికి నేను అభ్యంతరం చెప్పలేదు. నాకు తెలిసినంతలో మినహాయింపులు రాయని హామీ అదొక్కటే.

రిసార్టుకు చేరగానే, కంపెనీ నియమించిన టూరు ఏజెంటు అమ్మాయి అందరి పాస్‌పోర్టులూ భద్రంగా దాస్తానని చేయి చాచింది. నకళ్లు ఇచ్చి, అసలైనవి నా దగ్గరే ఉంచుకున్నాను.

"ఏం మరదలా, ఆ పాపను చూస్తే దొంగ మాదిరి కనిపిస్తాందా?" అన్నాడు బావ.

"దొంగ మాదిరి కనిపించేవాళ్లకు ఎవురూ ఇయ్యరు బావా."

ఇక సముద్రం సంగతి. కౌంటరు దగ్గరున్న యువకుణ్ణి ఇప్పుడు నీళ్లలోకి దిగడం క్షేమమేనా అని ఇంగ్లీషులో అడిగాను. నవ్వి, ఏ ఇబ్బందీ లేదన్నాడు. ఈత రానివాళ్లకు? ఏ ఇబ్బందీ లేదు. జవాబు విలువ తెలియాలంటే జవాబు తెలిసిన ప్రశ్న ఒకటి మధ్యలో వేసి చూడాలి. మీ రిసార్టు ఈతకొలనులో మొసళ్లు ఉన్నాయా అని అడిగాను. అంతే మర్యాదగా తల ఊపి, "ఉన్నాయి మేడమ్, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు. అతను చెప్పినవాటిని అంతటితో లెక్కలోంచి తీసేశాను. పక్కనే నిలబడ్డ అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాటి ఉదయం వాన తెరిపి ఇచ్చింది. ముగ్గురం ఒడ్డుకు వెళ్లాం. అలలు మనిషెత్తున లేచి విరిగి, నురగతో కాళ్ల దాకా వస్తున్నాయి. కొంచెం ఎడంగా ఇసుకలో రెండు జెండాలు పాతి ఉన్నాయి. పైసగం ఎరుపు, కిందిసగం పసుపు. ఆ రెండింటి మధ్య కొందరు స్నానం చేస్తున్నారు. ఒడ్డున ఈల మెడలో వేసుకున్న కాపలాదారు ఒకడు కూర్చున్నాడు.

"ఆడికి వద్దు. మన రైల్వే గేటు కాడ ఎర్రజెండా పట్టుకుంటే ఏమని అర్థం? నిలబడు అని గదా. పసుపంటే జాగ్రత్త అని. రెండూ ఒకే గుడ్డలో కుట్టినారంటే ఆడ ఎంత ప్రమాదమో చూస్కో. వాళ్లకు బుద్ధి ల్యాక దిగినారు" అని బావ తేల్చేశాడు.

తర్కం బాగానే ఉంది. మా ఊరి గేటు నియమం ఈ ఊరి సముద్రానికి చెల్లుతుందని రుజువు మాత్రం లేదు. ఆ జెండాల అర్థం నాకూ తెలియదు. తెలియదనే చెప్పాను.

అప్పుడే అక్క నా భుజం పట్టుకొని కుడివైపు చూపించింది. అక్కడ జెండాలు లేవు, మనుషులు లేరు. రెండు పక్కలా అలలు లేచి విరుగుతుంటే, వాటి మధ్యన రోడ్డంత వెడల్పున నీరు నున్నగా, కదలకుండా, ఒడ్డు నుంచి లోపలికి దారిలా పోయి ఉంది.

"చూడే, రెండు పాయలు" అంది. "నడిమధ్యన దారి."

"దేవుడు నీ కోసరమే వేసినట్ల ఉండాది. రా, ఆడ దిగుదాం. నేను నడుముకు ఎండు సొరకాయ కట్టుకొని బావిలో ఈత నేర్చినోన్ని. నీళ్లు నిలకడగా ఉన్నచోట నాకేం భయం?" అన్నాడు బావ, చొక్కా విప్పుతూ.

"బావిలో నీళ్లు యాడికీ పోవు బావా. ఇవి యాడికి పోతాండాయో చూడాల" అన్నాను.

నాకు ఆ నున్నదనమే నచ్చలేదు. ఒడ్డుకు ఇంత నీరు ఎక్కి వస్తుంటే, అది ఎక్కడో ఒకచోట తిరిగిపోవాలి కదా. మేము తాగి పడేసిన టెంకాయ బోండాన్ని తీసుకొని, చీలమండ లోతులో నిలబడి, ఆ నున్నటి నీళ్లలోకి విసిరాను.

"దేవుడు చూపిచ్చిన దానికి కూడా పరీక్ష పెడ్తావంటే!" అంది అక్క, నొచ్చుకుంటూ.

బోండాం కాసేపు ఊగింది. తర్వాత లోపలికి బయలుదేరింది. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్లు, మనిషి గబగబా నడిచే వేగంతో, విరిగే అలలన్నీ దాటి పోయింది. ఒక్కసారి చూసి తీర్మానించడం నాకు అలవాటు లేదు. ఇంకొకటి విసిరాను, అదీ పోయింది. తర్వాత జెండాల మధ్యకు వెళ్లి అదే పని చేశాను. అక్కడ బోండాన్ని అల తిప్పికొట్టి నా కాళ్ల దగ్గరే పడేసింది. కాపలాదారుకు ఇంగ్లీషు రాదు. సైగ చేసి అడిగితే, జెండాల మధ్య చూపించి ఈదుతున్నట్లు చేతులాడించాడు. నున్నటి నీళ్ల వైపు చూపించి రెండు చేతులూ అడ్డంగా పెట్టాడు. అతని సైగా, బోండాం నడకా ఒకదానితో ఒకటి సరిపోయాయి.

తిరిగి వచ్చేసరికి అక్క ఇంకా లోపలికే చూస్తోంది. మొదటి బోండాం చుక్కలా కనిపించి, కనిపించకుండా పోయింది.

"ఆ కథలో వాళ్లు ఆరిన నేల మీద నడిచినారు. ఇది తడిగానే ఉండాది" అంది చివరికి, తనలో తాను అనుకుంటున్నట్లు.

"అయితే మనం వేరే సముద్రానికొచ్చినాం లే" అన్నాడు బావ. చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు.

జెండాల మధ్య ఇద్దరూ దిగారు. నేను దిగలేదు. కాపలాదారు ఎటు చూస్తున్నాడో ఒకరు చూడాలి కదా. అతను ఫోను తీస్తే దగ్గి, తల తిప్పితే ముందుకు నడిచి, అతని చూపు అక్క మీదే ఉండేలా చూసుకున్నాను. బావ చేయి పట్టుకొని అక్క మోకాలి లోతు, తొడ లోతు, చివరికి నడుము లోతు దాకా వెళ్లింది. పెద్ద అల ఒకటి వచ్చింది. నురగ తగ్గేసరికి బావ ఒకచోట, అక్క ఇంకొకచోట ఉన్నారు. అక్క ఒక చేయి పైకెత్తింది.

పిలిచే చేయీ, మునిగే చేయీ దూరం నుంచి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేల్చుకొనే వ్యవధి లేదు. చెప్పులతో సహా పరుగెత్తాను. ఉప్పునీళ్లు కళ్లలో పడ్డాయి. ఎలాగో చేరి ఆమె రెక్క పట్టుకున్నాను.

"ఏమైందే?" అంది అక్క, నన్ను చూసి బెదిరిపోయి.

"చెయ్యెత్తినావు గదా!"

"నిన్ను రమ్మంటాండానే. నీళ్లు వెచ్చగుండాయి."

బావ ఈదుకుంటూ దగ్గరికొచ్చి పకపకా నవ్వాడు. "చూడండప్పా, మరదలు ఇన్నాళ్లకు ఒకరిని నమ్మి కదిలింది!"

"నమ్మి రాలేదు బావా. అనుమానపడి వచ్చినా."

"ఎట్లొస్తే ఏంది, వచ్చినావు గదా" అంది అక్క. మా వెనక ఏదో చూసి నా మణికట్టు పట్టుకుంది. "ఇంగొకటి వస్తాంది, పెద్దది. గట్టిగ నిలబడు."