పరగడుపున మాత్ర

నడుం ఆపరేషన్ తర్వాత ఇచ్చిన నొప్పి మాత్రలు, నొప్పి పోయాక కూడా నన్ను వదల్లేదు. వాటిని మాన్పించడానికి డాక్టరమ్మ వేరే మాత్ర రాసింది. రోజూ పొద్దున నాలుక కింద పెట్టుకోవాలి, అక్కడే కరగాలి. మొదట్లో హాయిగానే గడిచింది. ఒళ్ళు నొప్పులు తగ్గాయి, ఇడ్లీ వాసనకి ఆకలి కూడా వేసింది.

అప్పుడు మా అత్త హిందూపురం నుంచి సర్జాపుర రోడ్డులోని మా ఫ్లాటుకి దిగింది. నన్ను చూడగానే "ఏందమ్మా, ఎముకల గూడు మాదిరి ఉండావు!" అని నెత్తి కొట్టుకుంది. మర్నాటి నుంచి వంటిల్లు ఆమెది. ఉలవచారు, రాగిసంగటి, పప్పులో గరిటెడు నెయ్యి. పొద్దున నేను మాత్ర నోట్లో పెట్టుకోవడం ఆలస్యం, చెంబుడు రాగిజావతో ఎదురుగా నిలబడేది. "పరగడుపున మాత్రేసుకుంటే పేగులు కాలిపోవా? తాగు." నోట్లో చేదు, మాట్లాడేందుకు లేదు, ఎదురుగా అత్త. తాగేసేదాన్ని. ఎటుపోయినా కడుపులోకే కదా అనుకున్నాను.

కొన్నాళ్ళకి ముక్కు కారడం, ఆవలింతలు, చెమటలు, విరేచనాలు, పాత బాధంతా మళ్ళీ మొదలైంది. నొప్పి మాత్రలు అందని రోజుల్లో అట్లాగే ఉండేదాన్ని. మా ఆయన నన్నేమీ అడగలేదు. బీరువా వెతికాడు, హ్యాండ్‌బ్యాగు బోర్లించాడు. ఏమీ దొరక్కపోయేసరికి, మళ్ళీ ఆ నొప్పి మాత్రలు తెచ్చుకుని ఎక్కడో దాచానని ఖాయం చేసుకున్నాడు. "నువ్వు బాగయ్యేదాకా పాప మా అక్క దగ్గరుంటుంది" అని ఐదేళ్ళ పిల్లని దేవనహళ్ళిలో దింపొచ్చాడు. ఒట్లు పెట్టుకున్నా, ఏడ్చినా, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

డాక్టరమ్మ దగ్గర కూడా ఆయనే ముందు మాట్లాడాడు. "మళ్ళీ వేసుకుంటోంది." ఆమె ఆ మాట పట్టించుకోకుండా, పొద్దున ఏం తింటున్నానని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్త గొప్పగా అందుకుంది. "మాత్ర నోట్లో పడీ పడకముందే చెంబుడు జావ తాగిస్తానమ్మా. ఒక్కరోజు తప్పించలేదు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆ మాత్ర నాలుక కిందే కరగాలి, జావతో కడుపులోకి పోతే చాలామటుకు పనిచేయదు, కరిగేదాకా మంచినీళ్ళు కూడా వద్దు అని నిదానంగా చెప్పింది.

"అయ్యో దేవుడా, ఇదంతా నేనేనా తల్లీ!" అని అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఆ ఇంట్లో నన్ను అనుమానించనిది ఆమె ఒక్కతే.

మా ఆయన సారీ అనలేదు. క్లినిక్ నుంచి కారు నేరుగా దేవనహళ్ళి వైపు తిప్పాడు.

గేటు దగ్గర పాప ఆగిపోయింది. పరిగెత్తుకు రాలేదు. అక్కణ్నుంచే అడిగింది. "అమ్మా, దొంగతనంగా మాత్రలు తినడం మానేశావా?"

అంత మాట పిల్లకి దానంతటదే తెలియదు. ఆయన కారు తాళాలు చూసుకుంటున్నాడు.

"మీరే చెప్పండి దానికి" అన్నాను.